తినబాకు

మొదట బొప్పాయి మాట వచ్చింది.
బజారులో బండి మీద కోసి పెట్టిన ముక్క వైపు
ఊరికే చూసినందుకే
మా అత్త గాలెమ్మ చెయ్యి పట్టి ఇవతలికి లాగింది.
"చూడబాకు కూడా" అంది.

ఆ తర్వాత ఒక్కో ఇల్లూ ఒక్కో మాట.
నువ్వులుండ తినబాకు, వేడి.
అనాస జోలికి పోబాకు.
పనసతొన ఎవరన్నా పెడితే
కొంగున కట్టుకొని రా, మేం తింటాం.
గడప మీద కూర్చోబాకు.
గ్రహణం పూట కత్తిపీట ముట్టుకోబాకు.
నేరేడుపళ్లు తినబాకు, బిడ్డ నల్లగా పుడతాడు.
నల్లరాయి కోసి బతికే ఇంట్లో
నలుపంటే అంత భయమెందుకో
నేను అడగలేదు.

ఆశా కార్యకర్త ఎస్తేరుది అచ్చేసిన కాగితం.
"టీ తాగి ఐరన్ బిళ్ల మింగబాకు.
పచ్చిగుడ్డు, సగం ఉడికిన మాంసం,
తలనొప్పికని అంగట్లో కొన్న మాత్ర,
వక్కపొడి, పొగాకు..."
ఊపిరి తీసుకొని
"బరువులెత్తబాకు" అంది.
అప్పుడు నా ఒళ్లో పలకల కట్ట ఉంది.
ఇద్దరం దాన్ని చూశాం.
ఇద్దరం మాట మార్చాం.

నాలుగో నెల నుంచి నాకు బలపం కావాలి.
మామిడికాయ కాదు, చింతకాయ కాదు, బలపం.
మార్కాపురంలో పుట్టి
పలకల కార్ఖానాలో చట్రాలకు మేకులు కొట్టేదానికి
పుట్టాల్సిన కోరికేనా ఇది?
తొలి జల్లుకు రాళ్లకుప్ప మీద నుంచి లేచే వాసన
నోట్లో ఊరుతుంది.
విరిగిన ముక్కలు గంప అడుగున ఉంటాయి,
ఎవరి లెక్కలోకీ రానివి.
రోజుకు రెండు జాకెట్లో దాచుకొని
రాత్రి దుప్పటి కింద
పిల్లి ముల్లు కొరికినట్టు కొరుకుతా.
చప్పుడుకి చెన్నయ్య లేస్తాడేమోనని భయం.
లేవడు.
అతని దగ్గు మధ్య
నా నమలడం ఎవరికి వినపడుద్ది?

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ
కంటి కింది రెప్ప లాగి చూసింది.
"లోపలంతా సున్నం కొట్టినట్టుంది.
మన్ను గానీ తింటున్నావా తిరుపాలమ్మా?"
లేదన్నాను.
"నాలుక చాపు."
చాపాను.
దాని మీద బూడిదరంగు చార,
ఒకటో తరగతి పిల్ల అ రాసి
ఉమ్మితో చెరిపినట్టు.

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది.
"రక్తం తక్కువైన ఒళ్లు అట్లాంటివే అడుగుద్ది.
నీ తప్పు కాదు.
కానీ తినొద్దమ్మా. బిడ్డకు చేరాల్సింది చేరదు."

ఇంటికొచ్చేసరికి
రాయి కోసే మర దగ్గర నుంచి చెన్నయ్య వచ్చి ఉన్నాడు.
కనుబొమల్లో, చెవుల్లో, ముక్కుపుటాల్లో పలకపొడి.
చొక్కా విప్పి దులిపితే
పొయ్యి మీద అన్నంలో పడింది.
నేను ఇష్టపడి తిన్నది రోజుకు రెండు ముక్కలు.
పద్నాలుగేళ్లుగా
ఇష్టం లేకుండా ఈయన తిన్నది ఎన్ని పలకలు?
ఏ కాగితం మీదా ఈయన పేరు లేదు.
"నువ్వూ తినబాకు" అన్నాను.
"ఊపిరి తీయబాకు అంటే ఎట్టమే?"
నవ్వాడు. నవ్వు సగంలో దగ్గయింది.
తడిగుడ్డ ముక్కుకు కట్టుకోమంటే
రెండు రోజులు కట్టాడు. మూడో రోజు
ఉక్కపోతన్నాడు.

పోయిన మంగళవారం
బియ్యం డబ్బా వెనక నా దాపుడు ముక్కలు
గాలెమ్మకు దొరికాయి.
ఇక అయిపోయిందనుకున్నా.
ఆమె ఒక ముక్క తీసి వాసన చూసింది.
వాకిలి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి,
"చెన్నయ్యను మోసేటప్పుడు
పొయ్యిగడ్డ పెచ్చులు తినేదాన్ని.
ఎవరికీ చెప్పబాకు" అంది.
ముక్కలన్నీ ఏరి పెంటకుప్ప మీద పోసొచ్చి
రాగిజావ కాచింది.
వేరుశెనగపప్పులూ బెల్లమూ గిన్నెలో పెట్టి
నేను తిన్నిందాకా ఎదురుగా కూర్చుంది,
గడప మీదే.

అంచు విరిగిన పలక ఒకటి గోడకు తగిలించా.
బిళ్ల మింగిన రోజుకొక గీత.
ఇప్పటికి ఇరవై మూడు.
గీతలు గీసేందుకు
ఒక్క బలపం మాత్రం ఉంచుకున్నా.
అబద్ధమెందుకు,
నిన్న గీత గీశాక
మొన ఒకసారి నాకాను.
పెట్టేశాను.